వెనక లారీ డ్రైవరుకు మీరు కనిపించాలంటే: సైకిలుకు సరైన టెయిల్ లైటు ఎంచుకోవడం ఎలా

తెల్లవారుజామున బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి 16 మీద సైకిళ్లకు కొదవ ఉండదు. పాల క్యాన్లు, కూరగాయల మూటలు, పేపరు కట్టలు, చేపల బుట్టలు. ఈమధ్య గోపాల్‌పూర్ సముద్రం దాకా వ్యాయామం కోసం తొక్కేవాళ్లు కూడా తోడయ్యారు. అటు రాయగడ దగ్గర జేకేపూర్ కాగితం మిల్లు షిఫ్టులకు వెళ్లివచ్చేవాళ్లు, ఇటు పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటి పాతపట్నం వచ్చిపోయేవాళ్లు. వీళ్లలో చాలామంది సైకిలు వెనక ఉన్నది కొన్నప్పుడు వచ్చిన ఎర్ర రిఫ్లెక్టరు ఒక్కటే. ఒడిశాలో తొమ్మిదో తరగతి పిల్లలకు అందే సైకిళ్ల సంగతీ దాదాపు ఇంతే. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది, పిల్ల ఇంటికి చేరేదాకా ఇంట్లో టెన్షన్.

లైటు కొనాలనుకున్నవాళ్లు చేసే పని ఒకటుంది. దుకాణంలో బటన్ నొక్కుతారు, కళ్లు చెదిరితే కొనేస్తారు. మీటరు దూరంలో కళ్లు చెదరడం పెద్ద విషయమేమీ కాదు. ఆ లైటును చూడాల్సింది మీరు కాదు, రాత్రంతా బండి నడిపి అలసిపోయి, ఎదురుగా వచ్చే హైబీమ్ మధ్య మీ వెనక వస్తున్న డ్రైవరు. అతని సీట్లో కూర్చుని ఆలోచిస్తే ఏది కొనాలో, ఎక్కడ బిగించాలో తేలిపోతుంది.

ముందు దూరం లెక్క

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. ముందు ఏదో ఉందని గమనించి, అదేమిటో తేల్చుకుని, కాలు బ్రేకు మీద వేసేసరికి డ్రైవరుకు సుమారు సెకనున్నర పడుతుంది. అంటే 33 మీటర్లు అప్పటికే అయిపోయాయి. మంచి బ్రేకులున్న కారు పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. తడి రోడ్డయితే 60. లోడు లారీకి ఇంకా ఎక్కువ. మొత్తం 75 నుంచి 100 మీటర్లు అనుకోండి.

డిమ్‌లో ఉన్న మామూలు హెడ్‌లైటు వెలుగులో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి కనిపించేది 50, 60 మీటర్ల లోపే. ఇక్కడే లెక్క తప్పుతోంది. పక్కకు తప్పించడానికి చోటుంటే కొంత నయం. నాలుగు వరుసల రహదారి మీద ఆ చోటు దొరకవచ్చు గానీ, బరంపురం నుంచి తప్తపాణి మీదుగా మోహనా వెళ్లే ఘాట్‌లోనో, సాలూరు నుంచి కొరాపుట్ ఎక్కే సుంకి ఘాట్ మలుపుల్లోనో దొరకదు.

కాబట్టి మీ లైటు 200 మీటర్ల నుంచైనా కనబడాలి. మీరు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, 80తో వచ్చే బండి ఆ 200 మీటర్లూ దాటి మిమ్మల్ని అందుకోవడానికి దాదాపు 12 సెకన్లు పడుతుంది. డ్రైవరుకు అది చాలు. 60 మీటర్ల దగ్గరే కనబడితే అతనికి మిగిలేది మూడున్నర సెకన్లు.

రిఫ్లెక్టరు ఉంది కదా అంటే, అది తనంతట తాను వెలగదు. హెడ్‌లైటు కాంతి దాని మీద పడితేనే వెనక్కి కొడుతుంది. దుమ్ము పట్టినా, వంగిపోయినా, మూట కింద దాగినా ఉన్నా లేనట్టే. అలాగని తీసెయ్యకండి. బ్యాటరీ అయిపోయిన రాత్రి మిగిలేది అదొక్కటే.

ల్యూమెన్ల అంకె చూసి మోసపోకండి

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ల్యూమెన్ల సంఖ్య. అది లైటు అన్ని దిక్కులకూ కలిపి ఇచ్చే మొత్తం వెలుగు. వెనక డ్రైవరు కంటికి చేరేది అందులో అతని వైపు వెళ్లే భాగమే. దాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు. ఒకే 20 ల్యూమెన్లను అర్ధగోళమంతా సమంగా పరిస్తే ఏ దిక్కుకైనా వెళ్లేది 3 క్యాండెలాలే. అవే 20 ల్యూమెన్లను లెన్సుతో 20 డిగ్రీల సన్నని శంకువులోకి కూరితే 200 దాటుతుంది. ఎల్ఈడీ అదే, బ్యాటరీ అదే, తేడా అంతా లెన్సుది.

పోలికకు, యూరప్ ప్రమాణాల్లో కారు వెనక మామూలు టెయిల్ లైటుకు కనీసం 4 క్యాండెలాలు ఉండాలి. వెనకవైపు పొగమంచు లైటుకు 150 నుంచి 300. బ్రిటన్‌లో మిణుకుమనే సైకిలు లైటుకు కూడా కనీసం 4 అన్నారు. అంటే చీకటి రాత్రి, ఖాళీ రోడ్డు మీద కనబడడానికి పెద్ద వెలుగేమీ అక్కర్లేదు. చిక్కంతా దుకాణాల బోర్డులు, వీధిదీపాలు, ఎదురు హెడ్‌లైట్ల మధ్య కనబడాల్సి వచ్చినప్పుడు. పట్టపగలు ఎండలో కనబడడం అంతకంటే కష్టం.

నా సలహా ఇది. రాత్రికి నిలకడగా వెలిగే 15 నుంచి 30 ల్యూమెన్లు సరిపోతాయి, మధ్యలో బలమైన కాంతి పుంజం ఇచ్చే లెన్సు ఉండాలి. పగలు కూడా వాడేట్టయితే 80, 100 ల్యూమెన్ల మిణుకు మోడ్ ఉన్నది చూడండి. "వెయ్యి ల్యూమెన్లు బాబూ, రెండు కిలోమీటర్లు కొడుతుంది" అని నాలుగు వందల రూపాయల లైటు చూపిస్తే నవ్వి పక్కన పెట్టేయండి.

ఆ అబద్ధాన్ని పెట్టె మీద అంకెలతోనే పట్టుకోవచ్చు. లోపలి లిథియం బ్యాటరీ 500 ఎంఏహెచ్, అంటే 0.5 ఆంపియర్-అవర్లు అనుకుందాం. 3.7 వోల్టులతో గుణిస్తే 1.85 వాట్-అవర్లు. ఎర్ర ఎల్ఈడీ ఒక్క వాటుకు 50 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 100 ల్యూమెన్లను నిలకడగా వెలిగించడానికి ఒకటి రెండు వాట్లు కావాలి. అంటే గంట, మహా అయితే రెండు గంటలు. అదే పెట్టె మీద "100 ల్యూమెన్లు, 20 గంటలు" అని రాసి ఉంటే ఆ రెండు అంకెలూ ఒకే మోడ్‌వి కావన్నమాట. నిజాయితీ ఉన్న కంపెనీ ఏ మోడ్‌లో ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని గంటలు అని విడివిడిగా పట్టిక ఇస్తుంది. ఆ పట్టిక లేని లైటు కొనకపోవడం మంచిది. పట్టిక ఉన్నా ఒక మెలిక ఉంది. టార్చి లైట్లకు పెట్టిన అమెరికా ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయాన్ని "రన్ టైమ్" అంటారు. చివరి గంటలో మీ వెనక ఉన్నది గుడ్డి దీపమే కావచ్చు.

పక్కల నుంచి కూడా వెలుగు కనిపిస్తుందా అన్నది మరిచిపోవద్దు. గిరిసోలా దగ్గరో, ఊళ్ల మధ్య కూడళ్లలోనో బండ్లు అడ్డంగా కూడా వస్తాయి. లెన్సు కొంచెం ఉబ్బుగా ఉండి పక్కలకు తిరిగి ఉంటే ఆ పని అవుతుంది.

నిలకడా, మిణుకా?

ఇందులో దేశాలకే ఏకాభిప్రాయం లేదు. జర్మనీ సైకిళ్ల వెనక మిణుకుమనే లైటును ఒప్పుకోదు. బ్రిటన్ 2005 నుంచి ఒప్పుకుంది, నిమిషానికి 60 నుంచి 240 మిణుకుల మధ్య ఉండాలన్న షరతుతో. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది.

మిణుకుమనేది కంటిని త్వరగా లాగుతుంది, ముఖ్యంగా పగలు. కానీ రాత్రి కటిక చీకట్లో అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో దగ్గరవుతోందో డ్రైవరుకు అంచనా దొరకదు. వెలిగిన క్షణంలో కనబడి, ఆరిన క్షణంలో మాయమవుతుంది. నిలకడగా వెలిగేదయితే పెరుగుతూ దగ్గరవుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

కాబట్టి పగలు మిణుకు, రాత్రి నిలకడ. రెండూ కావాలంటే "పల్స్" మోడ్ ఉన్న లైటు దొరుకుతుంది. అడుగున ఒక వెలుగు ఎప్పుడూ ఉంటుంది, దాని మీద సెకనుకోసారి గట్టి మెరుపు వస్తుంది. రాత్రి వాడకానికి నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. గడగడా కొట్టుకునే వేగవంతమైన స్ట్రోబ్ మాత్రం వద్దు. వెనకవాడికి చిరాకు తెప్పించడం తప్ప దానివల్ల లాభం లేదు. పదిమంది కలిసి తొక్కుతుంటే చివరివాడు తప్ప మిగతావాళ్లు మిణుకు ఆపేయాలి. వెనక సైకిలువాడి కళ్లలో పొడవడం మర్యాద కాదు.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చీకట్లో ఒంటరి ఎర్ర చుక్కను డ్రైవరు మోటారు సైకిలు అనుకుంటాడు. అది గంటకు 50తో పోతోందనుకుని తన వేగం తగ్గించడు. మీరు 15తో పోతుంటారు. ఆ పొరపాటు పోవాలంటే కాళ్లు కదలడం అతనికి కనబడాలి. పెడళ్లకు రెండు వైపులా పసుపు రిఫ్లెక్టర్లు, లేదా చీలమండకు మెరిసే పట్టీ. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులు కనబడగానే ఇది సైకిలని మెదడు వెంటనే పోల్చుకుంటుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. పెడలు రిఫ్లెక్టరు విరిగిపోతే కొత్తది వేయించుకోవడం మన దగ్గర చాలామందికి తోచదు, కొత్త బెల్లు మాత్రం వేయిస్తారు.

బ్యాటరీ: తుఫాను రోజు కూడా గుర్తుండాలి

రోజూ తొక్కేవాళ్లకు యూఎస్‌బీ ఛార్జింగ్ లైటు సౌకర్యం. ఫోను ఛార్జరే సరిపోయే సీ-టైపు పోర్టు ఉన్నది తీసుకోండి. ఒక్క కంపెనీ ప్రత్యేక కేబులుతోనే ఎక్కేది వద్దు. ఆ కేబులు పోతే బరంపురంలో దొరక్కపోవచ్చు.

మన తీరం సంగతి వేరు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను చితకబాదింది. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు ఉండదు, వీధిదీపాలుండవు, రోడ్డంతా చెట్లు. పాలవాడు, లైన్‌మన్, మందుల కోసం తిరిగేవాడు అప్పుడూ సైకిలు మీద తిరగాల్సిందే. అందుకే ట్రిపుల్-ఏ పెన్సిల్ సెల్లులతో నడిచే చవక లైటు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. కిళ్లీ బడ్డీలో కూడా సెల్లు దొరుకుతుంది. బొత్తాము సెల్లుతో నడిచే రబ్బరు లైట్లు మాత్రం ఆపద్ధర్మానికే. వాటి వెలుగు తక్కువ.

బ్యాటరీ తగ్గుతోందని ముందే చెప్పే సూచిక ఉండాలి. మీరు ముందుకు చూసి తొక్కుతారు, వెనక దీపం ఆరిపోయినా మీకు తెలియదు. ఆరిపోయే ముందు తక్కువ వెలుగులోకి దిగి కొంతసేపు నిలిచేవి ఉన్నాయి, అవి మేలు.

పాత సైకిళ్ల డైనమో మీద చిన్నచూపు అక్కర్లేదు. ఛార్జింగ్ బెడద లేదు. సైకిలు ఆగితే దీపం ఆగడమే దాని లోపం, రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడు మీరు చీకట్లో ఉంటారు. కొంచెం కరెంటు దాచుకునే కెపాసిటర్ ఉండి, ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలిగే ఎల్ఈడీ టెయిల్ లైటు వేసుకుంటే ఆ లోపం తీరుతుంది.

వాన, బురద, ఉప్పుగాలి

లైటు నీటిని ఎంత తట్టుకుంటుందో పెట్టె మీది ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే చిలకరింపును తట్టుకుంటుంది. ఐపీఎక్స్6 అంటే గట్టి నీటి ధారను. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఏడు ఉంది కాబట్టి ఆరు కూడా ఉన్నట్టే అనుకోవద్దు, అవి వేర్వేరు పరీక్షలు. మన వానలకు ఆరు ఉన్నది చూసుకోండి. ఛార్జింగ్ రంధ్రానికి వేసే రబ్బరు మూత గట్టిగా కూర్చుంటుందో లేదో దుకాణంలోనే నొక్కి చూడండి. అన్ని లైట్లూ ముందు చెడేది అక్కడే. సముద్రం పక్క ఊళ్లలో లోహపు స్ప్రింగులకు పచ్చటి చిలుము పడుతుంది, సెల్లు లైటు వాడేవాళ్లు అప్పుడప్పుడూ తుడవాలి.

పొగమంచు గురించి ఒక మాట. డిసెంబరు, జనవరిలో కొండ దారుల్లో తెల్లారగట్ల పది అడుగుల దూరం కనబడని రోజులుంటాయి. "ఎరుపు మంచును చీల్చుకుపోతుంది" అని అంటారు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. రంగు వల్ల లాభం లేదు, బలం వల్లే. కార్ల వెనక పొగమంచు లైటును అంత బలంగా పెట్టింది అందుకే. అలాంటి పొద్దున లైటును గరిష్ఠ స్థాయిలో పెట్టండి. ఇంకా నయం, గంట ఆలస్యంగా బయల్దేరండి.

బిగించే చోటే సగం పని

సీటు పోస్టు, అంటే సీటును మోసే గొట్టం మీద లైటు బిగించడం రోడ్డు సైకిలుకు బాగానే ఉంటుంది. మన మామూలు సైకిలుకు వెనక క్యారియర్ ఉంటుంది, క్యారియర్ మీద మూట ఉంటుంది. గడ్డిమోపు, బియ్యం బస్తా, పాల క్యాన్లు, కొన్నిసార్లు ఒక మనిషి. సీటు కింద పెట్టిన లైటు వీటి వెనక పూర్తిగా దాగిపోతుంది. కాబట్టి క్యారియర్ చివరి కడ్డీకో, మడ్‌గార్డు తోకకో బిగించాలి. అక్కడ పట్టే క్లాంపు పెట్టెలో లేకపోతే పాత ట్యూబు ముక్క చుట్టి రెండు కేబుల్ టైలు బిగిస్తే కదలదు. మూట కిందికి వేలాడే అలవాటున్నవాళ్లు రెండో లైటు వెనక చక్రం పక్క కడ్డీకి, కుడివైపు పెట్టుకోండి. మనల్ని దాటే బండ్లు కుడివైపు నుంచే వస్తాయి.

నేల నుంచి మోకాలు ఎత్తుకు తగ్గకూడదు. తగ్గితే బురద కప్పేస్తుంది.

ఆ తర్వాత కోణం. లైటు ముఖం రోడ్డుకు నిటారుగా, సరిగ్గా వెనక్కి చూడాలి. 5 డిగ్రీలు కిందికి వంగితే 100 మీటర్ల దూరంలో పుంజం మధ్యభాగం దాదాపు తొమ్మిది మీటర్ల తేడాతో గురి తప్పుతుంది, అంటే అంతకు ముందే నేలకు తగిలి ఆగిపోతుంది. సన్నని పుంజం ఉన్న ఖరీదైన లైటుకు ఈ తప్పు ఎక్కువ నష్టం చేస్తుంది. సీటు పోస్టు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి దానికి బిగించిన లైటు కిందికి చూస్తుంది, సర్దుకునే కీలు ఉన్న క్లాంపు కావాలి. బ్యాగుకు తగిలించిన లైటు నడుం వంచగానే ఆకాశం చూస్తుంది. దాన్ని అదనపు లైటుగా పెట్టుకోండి, ఉన్న ఒక్కటీ అదే కాకూడదు.

బిగించాక రాత్రి రోడ్డు పక్క సైకిలును నిలబెట్టి, మామూలుగా వేసే మూట కూడా వేసి, తోడుగా వచ్చినవాళ్లను దాని దగ్గర ఉంచి రెండు వందల మీటర్లు వెనక్కి నడవండి. అక్కడ నిలబడి చూడండి, కూర్చుని చూడండి. కారు డ్రైవరు కన్ను మీ కంటే కింద, లారీ డ్రైవరు కన్ను మీ కంటే పైన ఉంటుంది. ఎదురు బండి హెడ్‌లైటు వేసుకుని వస్తున్నప్పుడు కూడా ఎర్ర వెలుగు విడిగా తెలుస్తుందా? తెలియకపోతే లైటు మార్చే ముందు కోణం మార్చి చూడండి.

కొనకూడనివి, కొన్నా కొనకపోయినా ఫర్వాలేనివి

వెనక తెల్ల వెలుగు ఎప్పుడూ వద్దు. ఎదురుగా వస్తున్న బండి అనుకుంటారు. ఫోను టార్చికి ఎర్ర కాగితం చుట్టడం ఒక్క రాత్రి గడవడానికి సరే. రంగులు మారే డిస్కో లైట్లు, నీలం-ఎరుపు మెరిసేవి అయోమయం సృష్టిస్తాయి. రోడ్డు మీద రెండు ఎర్ర గీతలు గీసే లేజరు ముచ్చటగా ఉంటుంది గానీ, వెనక హెడ్‌లైటు పడగానే ఆ గీతలు మాయం.

వెనక నుంచి బండి వస్తోందని చెప్పే రాడార్ లైట్లు కూడా వచ్చాయి. గార్మిన్ వేరియా ఆర్‌టీఎల్515 దాదాపు 140 మీటర్ల దూరం నుంచే బండిని పసిగట్టి హ్యాండిల్ మీద చూపిస్తుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లకు నిజంగా పనికొస్తుంది. కానీ ధరలో ఇంకో సైకిలు వస్తుంది. నా ఓటు రెండు మధ్యరకం లైట్లకే, ఒకటి నిలకడగా వెలగాలి, ఒకటి పల్స్‌లో ఉండాలి. ఒకటి ఆరినా రెండోది ఉంటుంది. విశాఖకో భువనేశ్వర్‌కో పనిమీద వెళ్లినప్పుడు పెద్ద క్రీడా సామాన్ల దుకాణాల్లో చేత్తో పట్టుకుని చూసి కొనవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే మోడ్‌ల పట్టిక, వాపసు గడువు చూసుకోండి.

దూరం తగ్గుతుందని రహదారి మీద ఎదురుదారిలో తొక్కేవాళ్లకు ఈ లైటు ఏమీ చేయలేదు. ఎదురొచ్చే బండికి మీ వెనక ఎరుపు కనబడదు. ముందు తెల్ల లైటు లేకుండా, తప్పు వైపున పోయేవాడిని ఏ ల్యూమెన్లూ కాపాడవు.

దారిలో రెండు లైట్లూ ఆరిపోతే తారు అంచున తొక్కుతూ సాగిపోవద్దు. రోడ్డు దిగి, పెట్రోలు బంకు వరకో ధాబా వరకో సైకిలు నడిపించుకుని వెళ్లండి. అక్కడ పావుగంట ఛార్జి పెడితే తక్కువ వెలుగులోనైనా ఇల్లు చేరవచ్చు. కేబులు ముక్క సీటు కింద సంచిలో వేసుకోండి. వేసవిలో లైటును మాత్రం ఎండలో సైకిలుకే వదిలేయవద్దు, వేడెక్కిన లిథియం బ్యాటరీ త్వరగా సత్తువ కోల్పోతుంది. తీసి జేబులో వేసుకుంటే దొంగల బెడదా ఉండదు.